చెయ్యెత్తినవారికే కప్పు

"మన రాష్ట్రంల రోడ్లున్నయి, ఫ్లైఓవర్లున్నయి, మెట్రో ఉన్నది. గానీ నిజాయితీకి ఇప్పటిదాంక ఒక్క టోర్నమెంట్ లేదు. ఆ లోటు ఇయ్యాల్టితోని తీరింది!" అని క్రీడల మంత్రి బాలనర్సయ్య గారు మాదాపూర్‌లో ఒక పెద్ద హోటల్లో ప్రకటించారు. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. చప్పట్లు ఆగాక మంత్రిగారు ఇంకోసారి ప్రకటించారు, ఎందుకంటే మొదటిసారి టీవీ వాళ్ల కెమెరా ఇంకా బిగించలేదు. రెండోసారి చప్పట్లు మరింత బాగా వచ్చాయి.

ఆ టోర్నమెంట్ పేరు నిజాయితీ కప్పు. ఆట షటిల్ బ్యాడ్మింటన్. దేశంలో ఎక్కడా లేని ఈ ఆలోచన మంత్రిగారికి ఎలా వచ్చిందో విలేఖరులకు చెప్పలేదు గానీ, వెనక వరసలో కాఫీ ఫ్లాస్కు పక్కన నిలబడ్డ మధుకర్‌కు తెలుసు. ఆ ఆలోచన అతని రేకుల షెడ్డులో పుట్టింది.

మధుకర్ షటిల్ కోచ్. ఒకప్పుడు జిల్లాకు ఆడాడు. అద్దాల మేడల వెనకాల కుమ్మరికుంట అని ఒక చెరువుంది. ఒకప్పటి ఊరి చెరువు. ఊరు టవర్ల కింద కలిసిపోయింది, చెరువు మాత్రం కొంచెం మిగిలింది. ఆ ఒడ్డున తాత ఇచ్చిపోయిన అరెకరం పట్టా భూమిలో మధుకర్ రేకుల షెడ్డు వేసి, నాలుగు కోర్టులు పరిచి, పిల్లలకూ ఐటీ ఉద్యోగులకూ ఆట నేర్పుతున్నాడు. చుట్టుపక్కల వాళ్లంతా భూములమ్మి కార్లు కొనుక్కున్నప్పుడు ఇతను అప్పు చేసి షటిల్ కోర్టు కట్టాడంటే, మనిషి ఎలాంటివాడో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ షెడ్డులో ఒక్కటే నియమం. ప్రత్యర్థి కొట్టిన షటిల్ బయటికి పోతూ నీ బ్యాట్ అంచుకు తగిలితే, ఎవరూ చూడకపోయినా నువ్వే చెయ్యెత్తి చెప్పాలి. తగలకపోతే మాత్రం, ప్రాణం పోయినా ఎత్తొద్దు. ఫీజు ఆలస్యంగా ఇచ్చినా ఊరుకునేవాడు గానీ, ఈ విషయంలో పెద్దవాళ్లను కూడా కోర్టు చుట్టూ పరిగెత్తించేవాడు.

అక్కడ ఆడేవాళ్లలో మౌనిక అని ఒకమ్మాయి ఉంది. అనంతపురం పిల్ల, హాస్టల్లో ఉండి ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. కంపెనీల మధ్య జరిగిన పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. చివరి పాయింటు. ఎదుటి అమ్మాయి కొట్టిన షటిల్ గీత బయట పడింది. అంపైర్ మౌనిక గెలిచిందన్నాడు. జనం లేచి అరుస్తున్నారు. మౌనిక చెయ్యెత్తి, "లేదు సార్, నా బ్యాట్‌కు తగిలినాకే బయటికి పోయింది," అంది. పాయింటు పోయింది, తర్వాత కప్పూ పోయింది. ఎవరో ఫోన్‌లో తీసిన ఆ వీడియో లక్షలమంది చూశారు. అలా చూసినవాళ్లలో మంత్రిగారి మనవరాలు ఉంది. ఆమె తాతకు చూపించింది. మంత్రిగారు మూడుసార్లు వేయించుకుని చూసి, "చెయ్యెత్తుడుకు గింత ఫాలోయింగ్ ఉన్నదా?" అని నోరు తెరిచారట.

హోటల్లో ప్రకటించిన వారం తిరక్కుండా మంత్రిగారు షెడ్డుకే వచ్చారు. వెంట స్పెషల్ ఆఫీసర్ సీతారామాంజనేయులు గారు. ఈయన ఏ శాఖకు వేస్తే ఆ శాఖ మనిషిలా కనిపిస్తారు. అంతకుముందు పశుసంవర్ధక శాఖలో ఉన్నప్పుడు కూడా అందరూ అదే అన్నారు.

"నువ్వు మనూరి పోరనివే గద మధూ! మీ నాయిన, నేను గీ చెరువులనే ఈత గొట్టినం," అన్నారు మంత్రిగారు, చెరువు వైపు ప్రేమగా చూస్తూ. చూపు చెరువు దాకా పోలేదు. మధ్యలో ఆయన బామ్మర్ది కట్టిన ఫంక్షన్ హాలు అడ్డొచ్చింది. దాని పక్కన ప్రతిపక్ష ఎమ్మెల్యే మునిస్వామి గారి విల్లాలు. ఆ విల్లాలకు లేక్ వ్యూ అని పేరు. లేకు కనపడాలంటే మేడెక్కి మునివేళ్ల మీద నిలబడాలి, ఎందుకంటే చాలావరకు లేకు విల్లాల కిందే ఉంది.

మంత్రిగారి చూపు షెడ్డు గోడ మీద ఎర్ర పెయింటు గుర్తు దగ్గర ఆగింది. రెండు నెలల కింద చెరువుల రక్షణ విభాగం వాళ్లు వచ్చి, ఇది చెరువు హద్దులో ఉందేమో చూడాలంటూ వేసిపోయిన గుర్తు అది. హాలుకూ విల్లాలకూ ఎందుకు వేయలేదని మధుకర్ భార్య కనకలక్ష్మి అడిగితే, పెయింటు అయిపోయిందన్నారు. అప్పటి నుంచీ మధుకర్‌కు సరిగ్గా నిద్ర లేదు.

"గా గుర్తు సంగతి ఫికర్ చెయ్యకు," అన్నారు మంత్రిగారు భుజం తట్టి. "నిజాయితీ పుట్టిందే నీ షెడ్డుల. మొదటి మ్యాచ్ ఈడనే పెడ్తున్నం. అంపైర్‌వి నువ్వే. మ్యాచ్ మంచిగ జరగనీ. షెడ్డు సంగతి నేను జూస్కుంట."

మధుకర్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాపం, అతను మంత్రిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

ఆఫీసర్ గారు వివరాలు చెప్పారు. "ఇది ఎగ్జిబిషన్ మ్యాచ్ అండి. అధికార పక్షం నుంచి మంత్రిగారు, ప్రతిపక్షం నుంచి మునిస్వామి గారు. ఆటల్లో రాజకీయాలు ఉండకూడదనే ఇద్దరు రాజకీయ నాయకుల్నీ ఒప్పించాం. ఎవరు ఎక్కువసార్లు చెయ్యెత్తి తమ తప్పు తామే ఒప్పుకుంటారో, వారికే కప్పండి."

"పాయింట్లు ఎక్కువొచ్చినోళ్లకు కాదా సార్?"

"పాయింట్లదేముందండీ, ఎవరికైనా వస్తాయి. తప్పు ఒప్పుకునేవాడు దొరకాలి గానీ."

"ఒప్పుకోవాలంటే ముందు తప్పు జరగాలి గద సార్?"

"ఆ పని సార్‌కి వదిలెయ్యండి," అన్నారు ఆఫీసర్ గారు నమ్మకంగా. "ఎంతో అనుభవం ఉన్నవారు. ఇంకో మాటండి. లైన్ జడ్జీలుగా సర్వే వాళ్లను తెప్పిస్తున్నాం. గీతల పని కదా, వాళ్లయితే అలవాటు పడి ఉంటారు."

వచ్చిన సర్వేయర్ పేరు రాకేశ్. షెడ్డు గోడకు ఎర్ర గుర్తు వేసింది ఇతనే. మధుకర్‌ను చూసి పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు.

ప్రాక్టీసు మొదలైంది. మంత్రిగారు కొత్త బూట్లు, తెల్ల నిక్కరు, నుదుట బొట్టుతో దిగారు. మధుకర్ అవతలి నుంచి మెల్లగా షటిల్ వేశాడు. అది మంత్రిగారికి రెండు బారల దూరంలో పడింది. మంత్రిగారు కదల్లేదు. అక్కడి నుంచే చెయ్యెత్తి, "నా బ్యాట్‌కు తాకింది! నాదే తప్పు!" అన్నారు.

ఆఫీసర్ గారు చప్పట్లు కొట్టారు. గన్‌మ్యాన్‌లు తుపాకులు చంకలో పెట్టుకుని మరీ కొట్టారు.

"తాకలేదన్నా," అన్నాడు మధుకర్.

చప్పట్లు ఆగిపోయాయి.

"తాకలే?"

"లే అన్నా. షటిల్ ఆడ పడ్డది. నువ్వు ఈడ ఉన్నవ్."

మంత్రిగారి మొహం ఎర్రబడింది. "నా బ్యాట్‌కు తాకిందో లేదో నాకు తెల్వదా? తప్పు చెయ్యలేదు చెయ్యలేదు అని ఇరవయ్యేండ్ల సంది మొత్తుకుంటున్న, ఒక్కడు నమ్మడు. ఇయ్యాల చేసిన అంటుంటే నువ్వు చెయ్యలేదంటవ్! మీకు నన్ను నమ్ముడు అనేదే లేదా?"

ఆ బాధలో న్యాయం ఉందని అక్కడున్న అందరికీ అనిపించింది. ఆఫీసర్ గారు మధుకర్‌ను పక్కకు తీసుకుపోయి, "అడక్కుండా తప్పు ఒప్పుకునే నాయకుణ్ణి ఎక్కడన్నా చూశారా గురువుగారూ? ఇన్నాళ్లకు ఒకాయన ముందుకొస్తే మీరు నిరుత్సాహపరుస్తారేంటండీ!" అని మందలించారు.

ఆ సాయంత్రం మధుకర్ అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నాడు. కనకలక్ష్మి షెడ్డులో బ్యాట్లకు తీగలు బిగిస్తుంది, చాయ్ బిస్కెట్ల కౌంటర్ నడుపుతుంది, షెడ్డు మీద తెచ్చిన లోను గుర్తొచ్చినప్పుడల్లా దేవుణ్ణి తిడుతుంది. అన్నీ విని ఆమె అంది:

"ఆయన చెయ్యని తప్పు ఒప్పుకుంటుంటే నీకేం నొప్పి? కుర్సీల కూసోని నెంబర్లు సదువు."

"తగలకపోతె ఎత్తొద్దని పిల్లలకు నేనే చెప్పిన గద."

"పిల్లలకు చెప్పినవ్. మంత్రికి చెప్పినవా?" కనకలక్ష్మి కంచం అతని ముందుకు తోసింది. "షెడ్డు పోతె మనం ఏం తింటం? నీ నియమం ఏ గోడకు రాసుకుంటవ్? గోడలుంటయా? ఒక్క పూట నోరు మూసుకో. నీకు దండం పెడ్త."

మధుకర్ మూసుకుంటానని మాటిచ్చాడు. మనసారానే ఇచ్చాడు. కాకపోతే అతని నోరు చిన్నప్పటి నుంచీ అతని మాట వినేది కాదు.

మ్యాచ్ శనివారం పొద్దున. జనానికి కొదవ లేదు. వచ్చి హాజరు కార్డు గీకినవాళ్లకు సోమవారం ఇంటి నుంచే పని అని కంపెనీల వాళ్లు మెయిల్ పెట్టారు. ముందు వరసలో చెరువుల రక్షణ కమిషనర్ గారు, సోఫాలో. పక్కన ఇంకా పెద్ద సోఫా, ఇంకా పెద్ద ఆఫీసర్లు. కప్పు బల్ల మీద మెరుస్తోంది. నిజాయితీకి తగ్గట్టు నిలువెత్తుగా చేయించారు.

మునిస్వామి గారు వచ్చారు. సీమ నుంచి ఒక బ్యాగుతో వచ్చి ప్లాట్లు, వాటి మీద అపార్టుమెంట్లు, వాటి మీద ఎమ్మెల్యే సీటు సంపాదించిన మనిషి. మంత్రిగారూ ఆయనా కరచాలనం చేసుకుంటే కెమెరాలన్నీ వెలిగాయి. అసెంబ్లీలో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు, కోర్టులో మాత్రం కళ్లలో కళ్లు పెట్టి చూసుకున్నారు. కప్పు ఒక్కటే గదా మరి.

ఇద్దరి కాలర్లకూ మైకులు తగిలించాక ఆట మొదలైంది. మునిస్వామి గారు సర్వీసు చేస్తూనే చెయ్యెత్తారు. "ఆగబ్బా! నా కాలు గీత తొక్కింది."

మంత్రిగారు వెనక గోడ దగ్గర నుంచే అరిచారు. "నా బ్యాట్ నెట్టుకు తాకింది!"

"తాకలేదు," అన్నాడు మధుకర్ మైకులో. అని, నాలుక్కరుచుకున్నాడు. చాయ్ కౌంటర్ దగ్గర కనకలక్ష్మి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

మంత్రిగారు చిరునవ్వు నవ్వి జనం వైపు తిరిగారు. "అంపైర్ మనోడే. నా మీద ప్రేమతోని తప్పు కప్పిపుచ్చుతున్నడు. నాకు గసొంటి ఫేవర్లు వద్దు!"

ఈలలు. పాయింటు కాదు గానీ, చెయ్యెత్తినట్టు లెక్కలో పడింది.

ఇక ఒకరిని మించి ఒకరు. షటిల్ గాల్లో ఉండగానే చేతులు గాల్లోకి లేచేవి. షటిల్ ఎటు పోయిందో ఎవరూ చూడటం లేదు. ఒకసారి మంత్రిగారి షటిల్ పొరపాటున నెట్టు దాటి, గీతకు గజం అవతల పడింది. రాకేశ్ టేపు తీసి, వంగి, కళ్లు చికిలించి కొలిచాడు. "షటిల్ కరెక్టే ఉన్నది సార్. గీతనే జర ఇవతలికి జరిగింది," అని పాత గీత పీకి కొత్తది అతికించాడు. ఇలా సవరించగా సవరించగా మునిస్వామి గారి వైపు కోర్టు చాయ్ కౌంటర్ దాకా విస్తరించింది. కనకలక్ష్మి బిస్కెట్ డబ్బాలు తీసి పక్కన పెట్టుకుంది.

కాసేపటికి పెద్ద చిక్కొచ్చింది. షటిల్ ఆటలో ఉన్న తప్పులన్నీ అయిపోయాయి. చేతులు సమానంగా ఉన్నాయి. ఇద్దరూ ఆయాసపడుతూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆఫీసర్ గారు గీత పక్కన నిలబడి, ఆట బయటి తప్పులు కూడా చెల్లుతాయని మెల్లగా అందించారు.

మంత్రిగారే ముందు అందుకున్నారు. "గీ బూట్లు నాయి గావు! స్పోర్ట్స్ హాస్టల్ పిల్లలకు వచ్చినయి. గిసొంటియి ఇంట్ల ఇంక శాన ఉన్నయి!"

హాలు దద్దరిల్లింది. ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

మునిస్వామి గారికి రోషం వచ్చింది. "బూట్లు ఒక తప్పేనా సామీ? నా విల్లాల ప్రహరీ గోడ చెరువులో ఉండాది!"

"గోడ గూడ ఒక లెక్కనా! మా బామ్మర్ది ఫంక్షన్ హాలు కార్ పార్కింగ్ మొత్తం చెరువే!"

"పార్కింగేనా? హాలు గట్టు మీద ఉండాదా ఏమి?"

"హాలు గూడ! స్టేజీ, డైనింగు, అన్ని!" మంత్రిగారు రెండు చేతులూ ఎత్తేశారు.

"అయితే రాసుకోండబ్బా! నా విల్లాలన్నీ చెరువులోనే ఉండాయి. చెరువు బయట ఉండేది ఒక్క బోర్డే!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే కాలం పోయింది. ఇక్కడ ఇద్దరూ గుమ్మడికాయలు భుజాల మీదికెత్తి చూపిస్తున్నారు. మంత్రిగారు ఒక చెయ్యి వెనకబడ్డారు. చెమటలు కారుతున్నాయి. కప్పు వైపు చూశారు, ముందు వరసలో కూర్చున్న మనవరాలి వైపు చూశారు, గట్టిగా గాలి పీల్చుకున్నారు.

"గా విల్లాలకు పర్మిషన్ ఇప్పించిందే నేను!"

మునిస్వామి గారి చేతిలోంచి బ్యాట్ జారిపోయింది. నెట్టు కింద నుంచి దూరి వచ్చి మంత్రిగారిని కావిలించుకున్నారు. "నిజమే సామీ. నీ మేలు మర్చిపోలేను. ఇద్దరమూ సమానమే."

అంపైర్ కుర్చీలో మధుకర్ నిటారుగా కూర్చున్నాడు. ఆ ఫంక్షన్ హాలు స్టేజీ ఉన్నచోటే అతను చిన్నప్పుడు బర్రెలను కడిగేవాడు. విల్లాల దగ్గర నీళ్లు మెడ దాకా వచ్చేవి. అందరికీ తెలిసి ఎవరూ అనని మాట, ఇప్పుడు మైకులో, కమిషనర్ గారి ముందు, వాళ్ల నోటి నుంచే వచ్చింది. మధుకర్ మైకు దగ్గరికి తీసుకుని, ఆ రోజు మొట్టమొదటిసారి, "తాకింది. రెండు దిక్కులా తాకింది," అని ప్రకటించాడు.

కమిషనర్ గారు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. కప్పును ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

విలేఖరులు చుట్టుముట్టారు. కఠినమైన ప్రశ్నలే అడిగారు. "సార్, మీకు ఈ క్రీడాస్ఫూర్తి చిన్నప్పటి నుంచీ ఉందా, మంత్రి అయ్యాక వచ్చిందా?"

"పుట్టుకతోనే ఉన్నది. బయటికి తీసేటందుకు టైం దొరకలే," అన్నారు మంత్రిగారు. తర్వాత గొంతు పెంచి, "ఇంకో మాట. చెరువు జోలికొచ్చినోళ్లను వదిలేది లేదు. ఎంత పెద్దోళ్లైనా సరే. సోమారం పొద్దుగాల కుమ్మరికుంట కాడ మిషిన్లు దిగుతయి!" అన్నారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మధుకర్. ఇంటికి పోతూ కనకలక్ష్మితో, "జూసినవా? ఒకడు నిజం జెప్తే ఇంకోనికి ధైర్యమొస్తది. ఆటంటే గదే," అన్నాడు. ఆమె కూడా ఆ పూట దేవుణ్ణి తిట్టలేదు. ఆ రాత్రి ఇద్దరూ హాయిగా పడుకున్నారు.

సోమవారం పొద్దున మిషన్లు నిజంగానే దిగాయి. ఈ ప్రభుత్వం మాట తప్పదని గిట్టనివాళ్లు కూడా ఒప్పుకోవాలి. చెరువు కట్ట మీద రెండు పెద్ద జేసీబీలు, వెనక పోలీసు జీపు, టీవీ వ్యాన్లు. షెడ్డులో పొద్దున బ్యాచి ఆడుతోంది. మౌనికా, పిల్లలూ ఆట ఆపి చూడటానికి బయటికొచ్చారు. మధుకర్ వాళ్లకు ఫంక్షన్ హాలును చూపిస్తూ, "జూడుండ్రి, ముందుగాల ఆడికే పోతయి," అంటున్నాడు.

కట్ట చివర మిషన్లు ఎడమకు తిరగలేదు. కుడికి తిరిగాయి. వచ్చి షెడ్డు ముందు ఆగాయి.

జీపులోంచి సీతారామాంజనేయులు గారు దిగారు. ఆయనకు చెరువుల విభాగం బాధ్యత కూడా అప్పగించారట. అప్పుడే ఆ శాఖ మనిషిలా కనిపిస్తున్నారు. వెనకాల టేపు పట్టుకుని రాకేశ్.

"సార్, దారి తప్పిండ్రు. హాలు గటు దిక్కున్నది," అన్నాడు మధుకర్.

"తప్పలేదండీ."

"ఆళ్లు మైకుల ఒప్పుకున్నరు గద సార్! చెరువు మింగిందే మేమని!"

"ఒప్పుకున్నారు కాబట్టే కదండీ." ఆఫీసర్ గారు చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "ఒప్పుకున్నవాళ్ల మీద చర్య తీసుకుంటే రేపు ఇంకెవరన్నా ఒప్పుకుంటారా? క్రీడాస్ఫూర్తి దెబ్బతినిపోదూ? వాళ్లను స్ఫూర్తి కింద వదిలేశాం. అలాగని సోమవారం కూల్చకుండా ఉంటే మంత్రిగారి మాట పోతుంది. చెరువు చుట్టూ విచారిస్తే, చెయ్యెత్తనిది మీరొక్కరే తేలారండి."

"నేను తప్పు చెయ్యలే సార్. ఏమని ఎత్తాలె?"

"అదేనండి మీతో వచ్చిన చిక్కు."

మధుకర్ మంత్రిగారికి ఫోన్ చేశాడు. అదృష్టం కొద్దీ ఆయనే ఎత్తారు.

"అన్నా, నా షెడ్డు మీదికి మిషిన్లొచ్చినయే! నువ్వు జూస్కుంట అన్నవ్ గదనే!"

"జూస్తనే ఉన్న మధూ, టీవీల లైవ్ వస్తున్నది," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. "నువ్వు జర పక్కకు జరుగు, షెడ్డు కనవడ్తలేదు."

జేసీబీ ఇంజను మోత పెరిగింది. కనకలక్ష్మి పరుగెత్తుకొచ్చి భర్త చొక్కా పట్టుకుంది. "ఎత్తయ్యా! నీ కాల్మొక్త, చెయ్యెత్తు! చెరువుల ఉన్నదని చెప్పు! అందరు చెప్పి బతికిపోయిండ్రు, నీకేమైంది?"

మధుకర్ షెడ్డును చూశాడు. వాకిట్లో బ్యాట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూశాడు. మౌనికను చూశాడు. తగలకపోతే ప్రాణం పోయినా ఎత్తొద్దని ఈ పదేళ్లలో వాళ్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో లెక్కలేదు. తల దించుకుని, మెల్లగా, కుడిచెయ్యి పైకెత్తాడు.

"నా షెడ్డు చెరువుల ఉన్నది సార్. తప్పు నాదే."

ఇంజను ఆగింది. కనకలక్ష్మి ఊపిరి పీల్చుకుంది. ఆఫీసర్ గారు సైగ చేస్తే రాకేశ్ టేపు తీసుకుని పోయాడు. ఒడ్డు నుంచి గోడ దాకా కొలిచాడు, మళ్లీ కొలిచాడు. ఆ టేపు ఆ ఒక్క రోజు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచింది.

"లే సార్," అన్నాడు వచ్చి. "ఒక్క జానెడు గూడ చెరువుల లేదు. సాఫ్ పట్టా భూమి."

సీతారామాంజనేయులు గారి మొహం వాడిపోయింది. నిజంగానే బాధపడ్డారు. "మధుకర్ గారూ! అబద్ధమాండీ? ఇంతమంది పిల్లల ముందు? అదీ మీరు?"

మధుకర్ ఎత్తిన చెయ్యి ఎలా దించాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

"చెరువుల లేదని మీరే అంటున్నరు గద సారూ, ఇగ కూలగొట్టరు గద?" అంది కనకలక్ష్మి ఆశగా.

"కూల్చేది చెరువు కోసం అమ్మా. వదిలేది నిజాయితీ కోసం. మీ ఆయన దగ్గర ఆ రెండోది లేదని ఇప్పుడే కదా తేలింది," అని ఆఫీసర్ గారు మిషన్ వైపు తల ఊపారు.

రేకులు ఎంత పెద్ద చప్పుడు చేస్తాయో ఆ పొద్దున అద్దాల మేడల్లో వాళ్లందరికీ తెలిసింది. కొందరు కిటికీల దగ్గరికొచ్చి చూశారు. తర్వాత మీటింగ్ ఉందని వెళ్లిపోయారు.

ఆ వారమే ఇంకో ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వాధికారుల ముందు అబద్ధంగా తప్పు ఒప్పుకున్నందుకు మధుకర్ ఏ పోటీకీ అంపైర్‌గా ఉండకూడదని. రాష్ట్ర క్రీడా రంగంలో నిజాయితీ లేదని వేటు పడిన మనిషి ఇప్పటిదాకా అతనొక్కడే. మిగతా రంగమంతా శుభ్రంగా ఉందన్నమాట. మధుకర్, కనకలక్ష్మి ఇప్పుడు బాలానగర్‌లో ఒక షట్టరు కొట్టు కిరాయికి తీసుకుని బ్యాట్లకు తీగలు బిగిస్తున్నారు. ఎవరైనా కుర్రాళ్లు ఆట గురించి ఏదైనా అడిగితే, అతను ధర చెప్పి ఊరుకుంటాడు.

మరుసటి ఏడాది నిజాయితీ కప్పు ఇంకా ఘనంగా జరిగింది. ఈసారి మంత్రిగారి బామ్మర్ది ఫంక్షన్ హాల్లోనే కోర్టులు వేశారు. కార్లు పెట్టుకోవడానికి పక్కనే ఖాళీ అయిన అరెకరం బాగా కలిసొచ్చింది. నాయకుల చేతులెత్తే మ్యాచ్ అయ్యాక, అసలు ఆటగాళ్లకు పోటీ. మౌనిక ఫైనల్‌కొచ్చింది. ముందురోజు షట్టరు దగ్గరికొచ్చి పాసు చేతిలో పెట్టి, "సార్, మీరు రావల్ల. రాకుంటే నేను ఆడను," అని పోయింది. మధుకర్ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు.

చివరి పాయింటు. ఎదుటి అమ్మాయి బలమంతా పెట్టి కొట్టింది. షటిల్ మౌనిక పక్క నుంచి దూసుకుపోయి గీత బయట పడింది. మౌనిక గెలిచిందని అంపైర్ ప్రకటించాడు. జనం లేచి అరుస్తున్నారు.

బ్యాట్ అంచుకు తగిలిన 'టిక్' మనే చప్పుడు మధుకర్‌కు వెనక వరసలోకి కూడా వినిపించింది. ఆ చప్పుడు అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు.

మౌనిక వెనక వరస వైపు తిరిగింది. మధుకర్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఆమె తల తిప్పుకుని, నెట్టు దగ్గరికి నడిచి, ఓడిన అమ్మాయికి చెయ్యి కలిపింది.

మంత్రిగారు ఒక పక్క, మునిస్వామి గారు ఒక పక్క పట్టుకుని నిజాయితీ కప్పును మౌనికకు అందించారు. ఫోటోగ్రాఫర్లు తోసుకుంటూ ముందుకొచ్చారు. వాళ్లలో ఒకతను, "మేడమ్, ఆ పాత వీడియోలో లాగా ఒక్కసారి చెయ్యెత్తండి," అన్నాడు.

మౌనిక ఎత్తింది.